సంచి కొనేముందు బండి చుట్టూ ఒకసారి తిరగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. బైకు మీద దూరాలు తిరిగేవాళ్ళు బ్యాగులు ఎలా ఎంచుకోవాలో మీ ఆదివారం అనుబంధంలో రెండు పేజీలు వేశారు. చదివాను. మా కొట్టుకి వచ్చినవాళ్ళ చేత కూడా చదివించాను. ఏ బ్యాగులో ఎన్ని లీటర్లు పడతాయి, ధర ఎంత, వానకి ఆగుతుందా, ఏ రంగులో దొరుకుతుంది, ఇవన్నీ వివరంగానే రాశారు. బండికి దాన్ని ఎలా కట్టాలన్న దగ్గరికి వచ్చేసరికి పట్టీలతో గట్టిగా బిగిస్తే సరిపోతుందని ఒక్క ముక్కలో తేల్చేశారు. నా దగ్గరికి వచ్చే తంటాలన్నీ ఆ ఒక్క ముక్కలోంచే పుడతాయి. అందుకని రాస్తున్నాను.

నాది శృంగవరపుకోట. బండ్లకి సీటు కవర్లు కుట్టడం నా పని. విశాఖపట్నం నుంచి అరకు పోయే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. ఇక్కడి నుంచి కాశీపట్నం, అక్కడి నుంచి ఘాటీ ఎక్కితే టైడా, అనంతగిరి, గాలికొండ. వానాకాలంలో జలపాతాలకని కొందరు, చలికాలంలో మంచుకని చాలామంది, శని ఆదివారాలు తెల్లారకుండానే బండ్లు బారులు తీరతాయి. ఎక్కేటప్పుడు టీ కొట్టు దగ్గర ఆగుతారు. దిగేటప్పుడు నా దగ్గర ఆగుతారు. తెగిన పట్టీలు, ఊడిన జిప్పులు, అడుగు కరిగిన సంచులు. సీజన్లో సీటు కవర్లు పక్కన పెట్టి వీటితోనే సరిపోతుంది. నేను బ్యాగులు అమ్మను, తెగినవి కుడతాను, అంతే. కాబట్టి ఏ కంపెనీ బ్యాగు కొన్నా నాకు ఒకటే.

ఇన్ని బ్యాగులు చేతికి వచ్చాయి గాని, గుడ్డ నాసిరకమై దానంతట అది చిరిగి వచ్చింది అరుదు. కట్టిన చోటు తప్పు, కట్టిన తీరు తప్పు. వేలు పోసి కొన్న బ్యాగుకీ, సంతలో కొన్న సంచికీ ఈ విషయంలో తేడా లేదు. ఖరీదైనది ఇంకాస్త ఆలస్యంగా తెగుతుంది.

ముందు సైలెన్సర్ సంగతి చెబుతాను. మన దగ్గర తిరిగే బండ్లలో చాలావాటికి అది కుడివైపు ఉంటుంది. బుల్లెట్టుకీ స్ప్లెండరుకీ కిందుగా, నేలకి సమానంగా వెనక్కి పోతుంది. హిమాలయన్, ఎక్స్‌పల్స్ లాంటి వాటికి నీళ్ళలోంచి దాటడానికి వీలుగా పైకి లేపి పెడతారు. రెండుపక్కలా వేలాడదీసే సాడిల్ బ్యాగులు మాత్రం కుడిదీ ఎడమదీ ఒకే కొలతతో వస్తాయి. బుల్లెట్టు మీద చక్కగా జానెడు పైన వేలాడిన బ్యాగే, సైలెన్సర్ పైకి లేచిన బండి మీద వేస్తే తిన్నగా దాని నెత్తినెక్కి కూర్చుంటుంది. ఇది బొమ్మ చూసి కొంటే తెలియదు. బండి పక్కన బ్యాగు పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

రెండు వేళ్ళ సందు ఉంది కదా అంటారు కుర్రాళ్ళు. ఉంటుంది, బండి స్టాండు మీద ఉన్నప్పుడు. గుంతలో పడ్డప్పుడు లోపలి బరువంతా ఒక్కసారిగా కిందికి గుంజుతుంది, పట్టీ సాగుతుంది, బ్యాగు అడుగు వెళ్ళి సైలెన్సర్ని ముద్దుపెట్టుకుని పైకొస్తుంది. ఒక్కోసారికి కొంచెం కొంచెం కరుగుతుంది. పైగా ఘాటీలో ఎక్కేది మొదటి గేరులో, రెండో గేరులో. ఇంజను కష్టపడుతుంది, వేడి పుడుతుంది, వేగం లేదు కాబట్టి గాలి తగిలి చల్లారదు. తిన్నటి రోడ్డు మీద విశాఖ నుంచి మా శృంగవరపుకోట దాకా ఏమీ కాని బ్యాగు, ఇక్కడి నుంచి అనంతగిరి లోపు కాలిన వాసన కొట్టేది ఇందుకే. చవక పట్టీలు నేసేది పాలీప్రొపిలీన్‌తో, బియ్యం సంచులు నేసేదీ దాంతోనే. అది 160 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. నైలాను, పాలిస్టరు 200 దాటేదాకా కరగవు గాని, మెత్తబడి సాగడం అంతకు ముందే మొదలవుతుంది.

బ్యాగు అడుక్కీ సైలెన్సర్‌కీ మధ్య అరచెయ్యి నిలువుగా దూరాలి. ఇది నా కొలత. దూరకపోతే పట్టీ ఒక బెత్తెడు పైకి లాగి కట్టుకోండి. అప్పటికీ కుదరకపోతే వెల్డింగు కొట్టులో చిటికెన వేలు లావు కడ్డీతో ఒక స్టే, అంటే బ్యాగుని ఎడంగా ఆపే అడ్డు, వంచి వేయించుకోండి. సైలెన్సర్‌కి గుడ్డ చుట్టడం, బ్యాగు అడుక్కి వంటింటి అల్యూమినియం కాగితం అంటించడం లాంటివి చేసుకుని వస్తున్నారు. ఆ కాగితం ఒక పూట కూడా నిలవదు. గుడ్డ చుట్టినవాడు వాసన రాగానే ఆపుకున్నాడు కాబట్టి సరిపోయింది.

ఇక ఎడమవైపు. ఇక్కడ నాకు కొంచెం కోపం వస్తుంది, క్షమించాలి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం, వెనక మనిషి కూర్చునే ఏర్పాటున్న ప్రతి మోటారు సైకిలుకీ వెనక కూర్చునేవాళ్ళు పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టులుండాలి, వాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండాలి. ఆ అడ్డునే మనం చీర గార్డు అంటున్నాం. కంపెనీ బిగించే పంపుతుంది. బండి ఇంటికొచ్చి పూజ అయిన వారానికే మనవాళ్ళు దాన్ని విప్పించి అటక మీద పారేస్తారు. ఉంటే పాలబండిలా కనపడుతుందట. అదే బండికి సాడిల్ బ్యాగులు తగిలించుకుని అరకు బయల్దేరతారు.

చీరని ఆపే కడ్డీయే బ్యాగునీ ఆపుతుంది. అది లేకపోతే బ్యాగు లోపలి మూల చక్రం మీదికి ఒరుగుతుంది. బ్యాగు వేలాడేది సీటు నుంచి. చక్రం షాక్ అబ్జార్బర్లతో పాటు పైకీ కిందికీ ఆడుతుంటుంది. ఖాళీ బండి మీద చూసినప్పుడు చక్రం కిందెక్కడో ఉంటుంది, బ్యాగు పైనెక్కడో ఉంటుంది, రెండిటికీ సంబంధం లేనట్టే అనిపిస్తుంది. ఇద్దరు కూర్చుని, సామాను ఎక్కాక వెనక భాగం దిగుతుంది, అంటే చక్రం బ్యాగుకి ఎదురుగా వచ్చేస్తుంది. మలుపులో బండి ఎడమకి వాలి మళ్ళీ లేచేటప్పుడు బ్యాగు ఊగి టైరుని రాసుకుంటుంది. ఆ రాపిడి ఎంత మందం గుడ్డనైనా కొన్ని కిలోమీటర్లలో తినేస్తుంది. గుడ్డ పోయినా పర్వాలేదు. ఆ కన్నంలోంచి లోపలి బట్టలు బయటికొచ్చి ఊచల్లోనో చైనులోనో పడితే చక్రం పట్టేస్తుంది. ఘాటీలో ఒకపక్క లోయ.

కిందటి చలికాలంలో ఒక కుర్రాడు వచ్చాడు. ఎడమ బ్యాగుకి పిడికిలి పట్టేంత కన్నం. లోపలున్న స్వెట్టరు చెయ్యి ఒకటి చైనులో పడి నల్లగా గ్రీజు పట్టి తెగింది. అదృష్టం బాగుండి నెమ్మదిగా వస్తున్నాడు.

“అన్నా, దళసరి గుడ్డతో అతుకు వేసెయ్యి, సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవాలి” అన్నాడు.

“ముందు చీర గార్డు బిగించుకుని రా బాబూ, అప్పుడే అతుకు” అన్నాను.

“మా బండి మీద చీర కట్టుకునేవాళ్ళెవరూ ఎక్కరు అన్నా.”

“బ్యాగు ఎక్కింది కదా.”

మొహం మాడ్చుకుని వెళ్ళాడు గాని, పక్క వీధి మెకానిక్కు దగ్గర పాతదొకటి దొరికితే బిగించుకునే వచ్చాడు. రంగు కలవలేదని మాత్రం నేను కుడుతున్నంతసేపూ సణుగుతూనే ఉన్నాడు.

కాబట్టి బ్యాగు కట్టాక ఖాళీ బండి మీద చూడొద్దు. ఇంట్లో ఇద్దర్ని ఎక్కించి, గట్టిగా కిందికి నొక్కమని చెప్పి, వెనక్కి వెళ్ళి గొంతుక్కూర్చుని చూడండి. చక్రానికీ బ్యాగుకీ మధ్య వెలుతురు కనపడాలి. అక్కడున్నప్పుడే ఇండికేటర్లు, వెనక లైటు, నంబరు ప్లేటు కనపడుతున్నాయో లేదో కూడా చూసుకోండి. మంచులో మీ వెనక వచ్చే లారీ డ్రైవరుకి కనపడేది ఆ ఎర్ర లైటు ఒక్కటే. బ్యాగు మీద కప్పే వానతొడుగు కిందికి జారి దాన్నే మూసేస్తుంటుంది.

ఇప్పుడు మీరు ఒక్క ముక్కలో తేల్చిన పట్టీల దగ్గరికి వస్తాను.

పట్టీ అంటే అన్నీ ఒకటి కాదు. కొట్టులో చూస్తే అన్నీ నల్లగా, నిగనిగలాడుతూ ఒకేలా ఉంటాయి. పాలీప్రొపిలీన్ పట్టీ చవక, ఎండకి పెళుసెక్కుతుంది, గోరుతో గీకితే పొడి రాలుతుంది. చిన్న ముక్క కోసి బకెట్టు నీళ్ళలో వేస్తే తేలుతుంది. నైలాను, పాలిస్టరు మునుగుతాయి. నైలాను బలమైనదే, ముట్టుకుంటే మెత్తగా బాగుంటుంది, కానీ దానికో గుణం ఉంది: తడిస్తే సాగుతుంది. కింద ఎండలో ఎంత బిగించి కట్టినా, అనంతగిరి మంచులోనో వానలోనో అరగంట తడిసేసరికి వదులవుతుంది. కట్టేటప్పుడు సరిగ్గా కట్టలేదని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటుంటారు, తప్పు పట్టీది. పాలిస్టరు తడికి దాదాపుగా సాగదు, ఎండకి కూడా బాగా ఓరుస్తుంది. నేను కొత్త పట్టీ వేయాల్సి వస్తే పాలిస్టరే వేస్తాను, ధర కొంచెం ఎక్కువైనా. మీది నైలాను అయితే పారెయ్యక్కర్లేదు. ఘాటీ ఎక్కాక మొదటి టీ దగ్గర ఒకసారి, వాన పడ్డాక ఒకసారి దిగి లాగి బిగించుకోండి.

తెగేది కూడా పట్టీ మధ్యలో కాదు, బ్యాగుకి కుట్టిన చోట. కంపెనీలో ఒక్క వరస కుట్టు వేసి వదిలేసినవి నా దగ్గరికి తప్పకుండా వస్తాయి. పట్టీ మొదట్లో చతురస్రంలా కుట్టి, లోపల ఇంటూ గుర్తు వేసి ఉందో లేదో చూడండి. బరువు అప్పుడు ఒక్క దారం మీద కాకుండా అంతటి మీదా పడుతుంది. లోపలివైపు చెయ్యి పెట్టి ఆ కుట్టు వెనక ఇంకో గుడ్డ ముక్క ఆసరాగా వేశారేమో తడిమి చూడండి. షాపులో ఇలా తడుముతుంటే చిన్నబుచ్చుకోవద్దు, మీరు డబ్బులిస్తున్నారు.

కొసలు. బిగించాక మిగిలిన కొస గాలికి కొట్టుకుంటూ వదిలేస్తారు. అది ఎప్పటికైనా చైను పళ్ళలోకే పోతుంది. మడిచి పట్టీ కిందే దోపండి, లేదా రబ్బరు బ్యాండు వేయండి. వెడల్పు పట్టీ గాలికి బర్రుమని మోత పెడుతుంటే ఒక్క మెలిక తిప్పి కట్టండి, మోత ఆగుతుంది.

కొక్కేల సాగుడు తాళ్ళ గురించి మీరు మెచ్చుకుంటూ రాశారు. నాకు అవి నచ్చవు. చేతి సంచి మీద రెయిన్‌కోటు ఆనించి కట్టడానికి బాగుంటాయి. అసలు బరువుని వాటి మీద వదలకూడదు. సాగే తాడు అంటేనే బరువుతో పాటు కదులుతుందని అర్థం. గుంతకో అంగుళం బ్యాగు పక్కకి జరుగుతుంది. విప్పేటప్పుడు కొక్కెం జారితే నేరుగా కంట్లోకి వస్తుంది. మొహం పక్కకి తిప్పుకుని విప్పండి, పిల్లల చేత విప్పించొద్దు.

మరి పట్టీ దేనికి కట్టాలి? ప్లాస్టిక్ తొడుగులకి కాదు, ఇండికేటరు కొమ్మకి అసలే కాదు. సీటు విప్పి, కింద చట్రానికి రెండు ఉచ్చులు వేసి, కొసలు పక్కలకి తెచ్చి సీటు మళ్ళీ బిగించేస్తే నాలుగు గట్టి పట్లు దొరుకుతాయి. బుల్లెట్లకి సీటు తియ్యాలంటే పానా కావాలి, కొన్ని బండ్లకి తాళం చాలు. మూడో వంతు మందికి తమ బండి సీటు ఎలా ఊడుతుందో తెలియదంటే అతిశయోక్తి అనుకోకండి. నా పనే సీట్లు విప్పడం.

బరువు గురించి పాలవాళ్ళని చూసి నేర్చుకోవాలి. తెల్లవారుజామున మా రోడ్డు మీద క్యాన్లతో వచ్చేవాళ్ళని గమనించండి. ఇనుప ఫ్రేము చట్రానికి బిగించి ఉంటుంది, క్యాన్లు రెండుపక్కలా సమానంగా, ఎంత కిందికి వీలైతే అంత కిందికి వేలాడతాయి. ఒక క్యానులోంచి పోస్తే రెండో ఇంట్లో ఇంకో క్యాను మూత తీస్తారు, ఒకవైపే ఖాళీ కాకుండా. పాలబండిలా కనపడుతుందని వెక్కిరించే కుర్రాళ్ళు ఆ బండి తిన్నగా పోవడం చూడరు. మన యాత్రికులు చేసేది దీనికి పూర్తిగా తలకిందులు. పనిముట్లు, నీళ్ళ బాటిళ్ళు, ట్రైపాడ్, బూట్లు అన్నీ వెనక సీటు చివర ఎత్తుగా పేర్చి, పక్క బ్యాగుల్లో టీషర్టులు పెడతారు. బరువు వెనక ఇరుసు దాటి వెనక్కి పోయేకొద్దీ ముందు చక్రం తేలికవుతుంది, హ్యాండిలు ఊగుతుంది. పనిముట్లు, ట్యూబు, స్టవ్వు లాంటి బరువులు పక్క బ్యాగుల అడుగున, బండి వైపు గోడకి ఆనించి పెట్టండి. వెనక బ్యాగులో దుప్పటి, చలికోట్లు. రెండు పక్క బ్యాగులూ చేతులతో ఎత్తి చూడండి, తేడా చేతికే తెలుస్తుంది.

ఎంత బరువు మోయాలో కూడా హద్దుంది. 100 సీసీ బండ్లు తామే 110 కిలోల చుట్టుపక్కల ఉంటాయి. వాటి మీద మనుషులూ సామానూ కలిపి 130 కిలోల లోపు ఉండాలి. పెళ్ళయిన జంట ఒకటి ఎక్కితే మిగిలేది ఎంతో మీరే లెక్కేసుకోండి. 200 కిలోల హిమాలయన్ మీద వెళ్ళేవాళ్ళని చూసి, వాళ్ళ దగ్గర ఉన్న సామానంతా స్ప్లెండరు మీద కట్టకూడదు. స్ప్లెండరు మీద అరకు చక్కగా వెళ్ళి రావచ్చు, నేనూ మా ఇంటావిడా వెళ్ళొస్తుంటాం, ఒక్క బ్యాగుతో.

సామాను ఎక్కాక చేయాల్సినవి రెండున్నాయి. చాలామంది చెయ్యరు. ఒకటి, వెనక టైరులో గాలి. ఒక్కళ్ళకి ఎంత, ఇద్దరికి ఎంత అన్నది బండి మీద స్టిక్కరులో గాని, బండితో ఇచ్చిన పుస్తకంలో గాని ఉంటుంది. సామానుతో వెళ్తున్నప్పుడు ఇద్దరి లెక్క పట్టించండి. రెండోది, వెనక షాకులకి కింద మెట్లు మెట్లుగా తిరిగే రింగు ఉంటుంది, దాన్ని తిప్పడానికి కొడవలిలా వంగిన పానా ఉంటుంది. ఒకటి రెండు మెట్లు బిగించుకోండి. లేదంటే వెనక దిగి, ముందు లైటు చెట్ల కొమ్మల మీద పడుతుంది. రాత్రి టైడా దగ్గర ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో పడేది ఆ లైటే.

ట్యాంకు మీద పెట్టే బ్యాగు గురించి ఎక్కువ చెప్పను. అయస్కాంతంతో అంటుకునేది కొనేముందు ఇంట్లో ఫ్రిజ్ మీది బొమ్మ ఒకటి తీసి ట్యాంకుకి పెట్టి చూడండి. పైన ప్లాస్టిక్ తొడుగున్న ట్యాంకులకి అది అంటదు. కింద మెత్తటి గుడ్డ వేయకపోతే దుమ్ము ఇరుక్కుని రంగంతా గీతలు పడుతుంది. హ్యాండిలు రెండువైపులా చివరిదాకా తిప్పి చూడండి, హారను బటను బ్యాగుకి తగిలి ఊరంతా మోగించుకుంటూ వచ్చినవాళ్ళున్నారు.

వీపు మీద బరువైన బ్యాగు వేసుకుని నడిపేవాళ్ళకి మా ఊరు వచ్చేసరికే భుజాలు పోతాయి. ఆ బ్యాగు విప్పి సీటుకి కట్టండి, అంతే.

వాన సంగతి. గుడ్డ మీద 600 డెనియర్ అనీ, 1000 డెనియర్ అనీ అచ్చు వేస్తారు. తొమ్మిది వేల మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంటే అది దారం లావు లెక్క. నీళ్ళు ఆపడానికీ దానికీ సంబంధం లేదు. నీళ్ళు ఆపేది లోపలి పూత. పూత ఎంత బాగున్నా, నా సూది దిగిన ప్రతి చోటా ఒక కన్నమే. కుట్టిన బ్యాగు ఏదైనా, కుట్ల మీద లోపల టేపు అంటించకపోతే, గంటసేపు వానలో నడిపితే లోపలికి నీళ్ళు వస్తాయి. ఎదురుగాలికి వాన చినుకు పై నుంచి పడదు, ముందు నుంచి గుచ్చుతుంది. జిప్పు మూసుకునే కొస బండి ముందువైపుకి వచ్చేలా కట్టిన బ్యాగులో మడుగు కడుతుంది. కుట్టు లేకుండా వేడితో అతికి, మూతిని మూడు నాలుగు చుట్లు మడిచి బకిలు పెట్టే సంచులు వస్తున్నాయి. నా పొట్ట కొట్టేవే అయినా చెప్తున్నాను, వానకి అవే మేలు. తీసిపెట్టుకోవడం మాత్రం చిరాకు, రుమాలు కావాలన్నా మూతంతా విప్పాలి.

డబ్బు పెట్టలేనివాళ్ళు బట్టలు దళసరి ప్లాస్టిక్ కవర్లలో వేసి, గాలి నొక్కి ముడివేసి, అప్పుడు బ్యాగులో సర్దండి. బయటి తొడుగు కన్నా ఇది నమ్మకం. బయటి తొడుగు వేగానికి బెలూనులా ఉబ్బి ఎగిరిపోతుంది. ఎగరకపోతే అడుగున నీళ్ళు పట్టి బ్యాగుని నానబెడుతుంది. మా వైపు గాలిలో తేమ ఎక్కువ. యాత్ర నుంచి రాగానే బ్యాగుని అలాగే మడిచి అటకెక్కిస్తే, వచ్చే ఏడాది తీసేసరికి లోపలి పూత జిగురుజిగురుగా ఊడి వస్తుంది. దానికి నా దగ్గర మందు లేదు. నీడలో ఆరబెట్టి, మడవకుండా వేలాడదీయండి.

అల్యూమినియం పెట్టెలు ఇప్పుడు మోజు. తాళం పడుతుంది, వాన రాదు, నిజమే. ఫ్రేముతో కలిపి పది కిలోలు దాటే బరువు, అందులో ఇంకా ఒక్క చొక్కా కూడా పెట్టలేదు. ఇసుకలోనో బురదలోనో బండి ఒరిగితే కాలు కింద పెడతాం, బండి ముందుకి జరుగుతుంది, వెనక నుంచి పెట్టె వచ్చి పిక్కకి తగులుతుంది. మెత్తటి బ్యాగైతే తోసుకుని పోతుంది. వెనక బిగించే పెట్టెలకి 2020లో సవరించిన నిబంధన ఉంది. పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు దాటకూడదు. పెట్టెని వెనక సీటు మీదే పెడితే నడిపే మనిషి ఒక్కడే ఉండాలి. వెనక మనిషి కూడా ఎక్కాలంటే పెట్టె ఆ సీటుకి వెనక ఉండాలి. మీ వ్యాసంలో ఇది లేదు. ఉంటే బాగుండేది, ఎందుకంటే సీటు మీద పెట్టె పెట్టి, దాని ముందు అంగుళం చోటులో ఇల్లాలిని ఇరికించుకుని ఘాటీ ఎక్కేవాళ్ళు ప్రతి వారం కనపడుతున్నారు.

బండ్ల కంపెనీలకి కూడా మీ పత్రిక ద్వారా ఒక మాట. 2016లో వచ్చిన హిమాలయన్‌కి ట్యాంకు పక్కన కడ్డీల ఫ్రేము, వెనక క్యారియరు కంపెనీయే పెట్టి ఇచ్చింది. కట్టుకోవడానికి చోటు ఉండటం వల్ల ఆ బండ్ల బ్యాగులు నా దగ్గరికి తక్కువ వస్తాయి. యాత్రల బండికే ఎందుకు? ఎక్కువమంది సామాను మోసేది 100, 125 సీసీ బండ్ల మీదే. బియ్యం బస్తా అయినా, గ్యాసు బండ అయినా, అరకు బ్యాగయినా వాటి మీదే. వెనక పిడి కింద నాలుగు గట్టి కొక్కేలు, కుడివైపు కూడా ఒక అడ్డు కడ్డీ పెడితే బండి ధరలో ఎంత తేడా వస్తుంది? చీర గార్డు మీద ఎంత సామాను మోయవచ్చో ఒక్క వరస తెలుగులో అచ్చు వేస్తే ఇంకా మంచిది. షోరూముల వాళ్ళు బండి ఇచ్చేటప్పుడు సీటు ఎలా ఊడుతుందో, షాకు రింగు ఎలా తిరుగుతుందో ఒకసారి చేసి చూపిస్తే చాలు.

మీరు ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు, బ్యాగుల బొమ్మలతో పాటు ఒక మామూలు 100 సీసీ బండికి బ్యాగులు కట్టిన బొమ్మ, వెనక నుంచి తీసింది, ఒకటి వేయండి. సైలెన్సర్ దగ్గర సందు, చీర గార్డు, దోపిన కొసలు, ఇండికేటర్లు అందులో కనపడాలి. బొమ్మ తియ్యడానికి బండి కావాలంటే మా కొట్టుకి రండి. మంగళవారం సెలవు.

ఇట్లు,
సీటు కవర్ల కుట్టుపనివాడు,
శృంగవరపుకోట